పది జతలు

ఇప్పలరేవు బడి గడప ముందు
ఏడు జతల చెప్పులు.
ఒకదాని ఉంగటం తెగి
పిన్నీసు పెట్టి ఉంటది, అది ఓదెలుది.
నాకు హాజరు పిలిచే పని లేదు.
గడప దిక్కు చూస్తే చాలు,
ఎవరు రాలేదో తెలిసిపోతది.

బల్లార్షాల నాకు డెబ్బై ఒక్కమంది.
పేపరు మిల్లు సైరను, బొగ్గు బండ్ల మోత,
వాటి మీదికెళ్లి నా గొంతు.
"హజర్ సర్, హజర్ సర్" అంటుంటే
రేకుల మీద వాన పడ్డట్టుండేది,
ఏ చినుకు ఎవరిదో ఏం తెలుస్తది.
ఎక్కాలు చెప్పిస్తే గది లేచేది.
అండ్ల చదివేటోడెవడో
ఉత్తగ నోరు ఆడించేటోడెవడో
దేవునికెరుక.

నాలుగో బెంచీ కొసకు కూసునే
జిల్లెల్ల స్రవంతి వస్తలేదని
పదకొండో రోజు చూసిన.
అప్పటిదాక ఆమె పేరుకు
పక్క పిల్లెవతో హజర్ చెప్తనే ఉన్నది,
నేను టిక్కు కొడుతనే ఉన్న.
వాళ్ల నాయిన కాంట్రాక్టు తెగిందట.
ఏ ఊరు పోయిండ్రో
ఆ గల్లీల ఒక్కరూ చెప్పలేదు.

ఇక్కడ
ఒక్క పిల్లకు జరమొస్తే
బడిల ఏడో వంతు మంచం పట్టినట్టే.
మొన్న రాజక్క రాకుంటే
మిగిలిన ఆరుగురు, నేను,
పలకలు పట్టుకొని వాళ్ల వాకిట్ల కూసున్నం.
తీసివేతల నేను అప్పు అడుగుడు మరిచిపోతే
మంచంల పన్నుకొనే దిద్దింది.

గొప్ప చెప్పుకుంటలేను.
నాలుగో తరగతిల ఓదెలు ఒక్కడే.
ఫస్టు వాడే, లాస్టూ వాడే,
చూసి రాద్దామంటే పక్కన గోడ.
కబడ్డీకి జట్టు చాలదు.
వంట పోసుబాయి కొంగు దోపి దిగినా
ఒకరు తక్కువే పడుతరు.
ఇద్దరు మాట్లాడుకునే పాఠమొస్తే
రెండు గొంతులూ వాడే,
ఒకటి సన్నగ, ఒకటి లావుగ.

ఒకనాడు వాడే అడిగిండు:
"సార్, డెబ్బై ఒక్కమంది
చెప్పులు ఏడ ఇడుస్తరు?"
ఎవరూ ఇడవరు బిడ్డా,
బూట్లతోనే కూసుంటరు అన్న.
"మరి ఎవరొచ్చిండ్రో ఎట్ల తెలుస్తది?"

మరాఠీల పట్ అంటే
రిజిస్టర్ల పిల్లల లెక్క.
మా ఇంటి మాటల పటం అంటే
గోడకు కొట్టి దండ ఏసేది.
పట్ పడిపోతే బడి పటమైతది.
ఇది ఏ కాగితంల రాసి లేదు,
రెండు భాషల నడుమ బతికేటోళ్లకు
ఊరికెనే సమజైతది.

అగస్టుల సాహెబు వచ్చిండు.
వాగు అవతల జీపు ఆపి,
ప్యాంటు మోకాళ్ల మీదికి మలిచి,
బూట్లు చేత పట్టి దాటి,
ఈ ఒడ్డున తొడుక్కొని
బురదల నడుచుకుంట.
పదిమంది ఉండాలె, అన్నడు.
లేకుంటే వాగవతలి పెద్ద బడిల కలుపుడే,
ఎంత దూరం, రెండు కోసులు గాదా, అన్నడు.
తడిసిన ప్యాంటు అంచు పిండుకుంటనే అన్నడు.

బూట్లు గడప ముందు ఇడిచి లోపలికొచ్చిండు.
తలండి మైని తొంగి చూసి
వేలు పెట్టి లెక్క పెట్టింది.
మావి ఏడు, సారుది, పోసుబాయిది...
"దహా!" అని ఎగిరింది.
"సార్, పదైనయ్! మన బడి ఉంటది!"
గదంత చప్పట్లు.
సాహెబు నవ్విండు,
కడుపుల నుంచే నవ్విండు, మంచోడే.
పెన్ను తీసి
ఏడు అని రాసిండు.

పోసుబాయి ఇచ్చిన చాయ తాగి
బూట్లు తొడుక్కొని
చీకటి పడకముందే వాగు దిక్కు పోయిండు.
నేను రిజిస్టరు మూసి చూస్తే
మైని గడప కాడనే వంగి ఉన్నది.
ఆ బురద అచ్చుల చుట్టు
సుద్దముక్కతోటి
గీత గీస్తున్నది.